కూలిలో ‘వ్యత్యాసమా’, ‘అసమానతా’? ఏ మాట రాయాలి?

హనుమకొండ విద్యార్థిని
అందరికీ నమస్కారం. ఎం.ఏ. అర్థశాస్త్రం చదువుతున్నాను. పరకాల, ఆత్మకూరు వైపు ఊళ్ళలో వ్యవసాయ కూలి మీద తెలుగులో ప్రాజెక్టు రాస్తున్నాను. ‘స్త్రీ పురుషుల కూలిలో అసమానత’ అని పేరు పెట్టాను. మా గైడు సార్ ‘అసమానత’ను కొట్టేసి ‘వ్యత్యాసం’ అని రాశారు. అసమానత అంటే ముందే తీర్పు చెప్పినట్టని, వ్యత్యాసం అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పినట్టని ఆయన అభిప్రాయం. కొట్టిపారేయదగ్గ మాట కాదు. కానీ చేలల్లో ఆడవాళ్ళతో మాట్లాడి వచ్చాక ‘వ్యత్యాసం’ అని రాయడానికి నాకు చేయి రావడం లేదు. ఈ రెండు మాటలకూ నిజంగా అంత దూరం ఉందా? తారతమ్యం, వైషమ్యం, వివక్ష, హెచ్చుతగ్గులు అని ఇంకా చాలా ఉన్నాయి. ఏది ఎక్కడ సరిపోతుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

నర్సంపేట లెక్కల సారు
అమ్మా, ఏళ్ళ తరబడి బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. మా లెక్కల్లో ఈ పేచీ ఎప్పుడో తేలిపోయింది. ఐదులోంచి మూడు తీసేస్తే వచ్చేది భేదం, అంటే మీ సార్ చెప్పిన వ్యత్యాసం. అది ఉత్త సంఖ్య. తేడా రెండు అని చెబుతుంది గానీ ఎక్కువ ఎవరి వైపు ఉందో చెప్పదు. ‘మూడు ఐదు కన్నా చిన్నది’ అన్నామంటే అది అసమానత. దానికి ఒక దిక్కు ఉంటుంది. దానికి రాసే ‘<’ గుర్తును చూడండి, ఒక వైపు తెరుచుకుని ఉంటుంది, ఇంకో వైపు మొన తేలి ఉంటుంది. ఇంగ్లండు గణితవేత్త థామస్ హారియట్ చనిపోయిన పదేళ్ళకు, 1631లో వచ్చిన ఆయన పుస్తకంతో ఆ గుర్తులు అచ్చులోకి వచ్చాయి.

మగవాళ్ళ కూలిలోంచి ఆడవాళ్ళ కూలి తీసేయగా వచ్చిన అంకెను మీ పట్టికలో వ్యత్యాసం అనండి, తప్పులేదు. కానీ మీరు తిరిగిన ప్రతి ఊళ్ళోనూ ఆ తేడా ఒకే వైపుకు మొగ్గి ఉంటే, ఆ సంగతి చెప్పే శక్తి ‘వ్యత్యాసం’ అనే మాటకు లేదు. ‘అసమానత’కు ఉంది. ఇక తీర్పు అంటారా, అదేమీ అందులో లేదు. త్రిభుజంలో ఏ రెండు భుజాల మొత్తమైనా మూడో భుజం కన్నా ఎక్కువ. దీన్ని త్రిభుజ అసమానత అంటాం. అక్కడ న్యాయాన్యాయాల ప్రసక్తే లేదు కదా.

ఇంటర్ పుస్తకాల్లో ‘అసమీకరణం’ అని ఇంకో మాట కనబడుతుంది. అందులో తెలియని రాశి ఉంటుంది, దాని విలువలు కనుక్కోవాలి. మీ పనికి అది వద్దు.

వార్తల బల్ల
వరంగల్‌లో పత్రిక డెస్కులో పనిచేస్తాను కాబట్టి రోజూ ఈ మాటలతోనే నా బతుకు. ‘వ్యత్యాసం’ మా దగ్గర ఉష్ణోగ్రతలకూ ధరలకూ పోతుంది. ఎనుమాముల మార్కెట్లో నిన్నటి పత్తి ధరకూ ఇవాళ్టి ధరకూ ఉన్నది వ్యత్యాసం. మనుషుల బతుకుల దగ్గరికి వచ్చేసరికి ‘అసమానతలు’ అని బహువచనంలో రాస్తాం. ఆర్థిక అసమానతలు, సామాజిక అసమానతలు, ప్రాంతీయ అసమానతలు. చివరిది మన దగ్గర చిన్న మాట కాదు. 1956 పెద్దమనుషుల ఒప్పందం నుంచి 1985 నాటి 610 జీవో దాకా, అక్కడి నుంచి 2014 జూన్ 2 దాకా జరిగిన చర్చ అంతా ఆ మాట చుట్టూ తిరిగిందే. ఉద్యోగాల లెక్కల్లో ఉన్నది ‘వ్యత్యాసం’ అని సరిపెట్టుకుని ఉంటే ఆ చర్చ అంత దూరం వచ్చేది కాదని నా నమ్మకం.

‘హెచ్చుతగ్గులు’ చక్కటి తెలుగు మాట, నాకు ఇష్టమైన మాట కూడా. కానీ మీ శీర్షికలో పెట్టకండి. ‘కూలిలో హెచ్చుతగ్గులు’ అంటే నాట్ల రోజుల్లో పెరిగి ఆ తర్వాత పడిపోయే కూలి అనుకుంటారు.

‘అసమాన’ అని విశేషణంగా వాడేటప్పుడు కూడా జాగ్రత్త. ‘అసమాన ధైర్యసాహసాలు’, ‘అసమాన ప్రతిభ’ అంటే అక్కడ అర్థం ‘సాటిలేని’. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పంటను దక్కించుకున్న పాలకుర్తి ఐలమ్మ గురించి రాసేటప్పుడు ఆ విశేషణం మాకు దానంతట అదే వచ్చేస్తుంది. అందుకే ‘అసమాన కూలి’ అనవద్దు, ‘కూలిలో అసమానత’ అనండి. నామవాచకంలోకి వచ్చాక ఆ పొగడ్త అర్థం పోతుంది.

కరీంనగర్ తెలుగు పంతులమ్మ
పైన చెప్పినవాటికి కొంచెం కలుపుతాను. సమాన అనే మాటకు ‘త’ చేర్చినా ‘త్వం’ చేర్చినా భావనామమే అవుతుంది. సమానత, సమానత్వం రెండూ సాధువులే. అసమానత, అసమానత్వం కూడా అంతే. మనకు మాత్రం సమానత్వం, అసమానత అని జత కుదిరింది. ‘అసమానత్వాలు’ పలకడానికి బరువు, అందుకే బహువచనంలో ‘అసమానతలు’ స్థిరపడింది.

విద్యార్థిని గారు అడిగిన మాటల్లో అసలైన అసమానత వాచకం ‘వైషమ్యం’. సమం కానిది విషమం. దాని భావమే వైషమ్యం. విషమబాహు త్రిభుజంలో ఆ పాత అర్థం చెక్కుచెదరకుండా ఉంది, లెక్కల సారుకు తెలుసు. కానీ వాడుకలో ఆ మాట వేరే దారి పట్టింది. ‘ఆరోగ్యం విషమించింది’ అంటే ప్రాణం మీదికి వచ్చిందని. ‘వైషమ్యాలు’ అంటే పగలు, కక్షలు. మీరు ‘కూలి వైషమ్యాలు’ అని రాస్తే కూలి దగ్గర ఊరు రెండుగా చీలి తగాదా పడిందనుకుంటారు.

‘తారతమ్యం’ కథ ఇంకా బాగుంటుంది. ‘గురుతర బాధ్యత’ అంటాం, ‘ప్రియతమ నాయకుడు’ అంటాం. ఆ ‘తర’, ‘తమ’ అనే రెండు ప్రత్యయాలే కలిసి తారతమ్యం అయ్యాయి. ఒకటి ఇంకొకదాని కన్నా ఎక్కువ, మరొకటి అన్నింటి కన్నా ఎక్కువ. అంటే వరుస ముందే ఉంది, అందులో ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారన్నదే ప్రశ్న. ‘కులమత తారతమ్యాలు లేకుండా’ అని ప్రతి సభలోనూ వింటాం. ఆ మాట వరుసను కాదనడం లేదు, ఈ ఒక్కపూట దాన్ని చూడబోమని మాత్రమే చెబుతోందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇక ‘వివక్ష’. సంస్కృతంలో దీని అర్థం చెప్పాలనే కోరిక, చెప్పదలచుకున్నది. సంస్కృత కావ్యశాస్త్రంలో ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వని సిద్ధాంతంలో ‘అవివక్షిత వాచ్యం’ అని ఒక భేదం ఉంది, పైకి కనబడే అర్థం చెప్పదలచుకున్నది కానప్పుడు ఆ పేరు. తెలుగులో ఆ మాట మనిషికీ మనిషికీ మధ్య చూపే పక్షపాతానికి పేరై కూర్చుంది. పాత అర్థం పాఠాల్లో తప్ప ఇప్పుడు వినబడదు. కానీ ఉద్దేశం అనే ఛాయ మాత్రం పోలేదు. వివక్ష ఉందంటే చూపేవాడు ఒకడు ఉండాలి. అసమానత ఉందంటే అలా ఉండనక్కర్లేదు, అది ఎవరూ పూనుకోకుండా తరాలుగా పేరుకుపోయినది కూడా కావచ్చు.

మానేరు తీరం
నేను మీ గైడు గారి పక్షం. పరిశోధన అన్నాక మొదట కొలవాలి. మగవాళ్ళు మందు కొడతారు, బస్తాలు మోస్తారు, ఒడ్లు చెక్కుతారు. ఆడవాళ్ళు నాట్లు వేస్తారు, కలుపు తీస్తారు, పత్తి ఏరుతారు. పని వేరు, కూలి వేరు. వేర్వేరు పనులకు వేర్వేరు కూలి ఉంటే దాన్ని అసమానత అనడం నాకు సమ్మతం కాదు. వ్యత్యాసం అనండి, కారణాలు విడిగా రాయండి, చదివేవాళ్ళే తేల్చుకుంటారు.

పరకాల పత్తిచేను
మానేరు అన్నా, మా అమ్మ ఇప్పటికీ కైకిలి పోతుంది. నేనూ సెలవుల్లో పోయినదాన్నే. ఒక పూట జరిగింది చెబుతాను.

నాట్లు. ఒకే మడి. ఇద్దరు మగవాళ్ళు నారు కట్టలు మోసుకొచ్చి మడిలో అక్కడక్కడా విసురుతున్నారు. మేం ఆడవాళ్ళం వరుసగా నడుం వంచి నాటుతూ వెనక్కి జరుగుతున్నాం. పొద్దున ఒకే వేళకు దిగాం, సాయంత్రం ఒకే వేళకు ఎక్కాం. కట్టలు విసరడం అయ్యాక వాళ్ళు గట్టు మీద కూర్చుని బీడీ కాల్చుకున్నారు. మాకు నడుం ఎత్తే తీరిక మధ్యాహ్నం సద్ది తిన్నప్పుడే దొరికింది. చీకటి పడే ముందు రైతు డబ్బులిచ్చాడు. మగవాళ్ళను పేరు పెట్టి పిలిచి ఎవరి కూలి వాళ్ళ చేతిలో పెట్టాడు. మా అందరి కూలినీ పెద్ద నోట్లుగా ఒక్కరి చేతికిచ్చి ‘మీరు పంచుకోండి’ అన్నాడు. చిల్లర కోసం మేం కిరాణా దుకాణం దాకా నడిచాం. దుకాణాయన ఏదైనా కొంటేనే చిల్లర ఇస్తానన్నాడు. తలా ఒక సబ్బు కొన్నాం.

ఒకే మడిలో రెండు రేట్లు ఎందుకని నేను రైతును అడిగాను. ‘ఊళ్ళో నడిచే రేటు అదే బిడ్డా’ అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఉన్నది రెండెకరాలు, పత్తికి ధర రాకపోతే ఆయనకూ అప్పే. అందుకే ‘వివక్ష’ అనే మాట ఆయన ఒక్కడి మీద వేయడానికి నా మనసు ఒప్పదు. కానీ ‘పని వేరు’ అని మీరు అన్నదాన్ని కూడా ఒప్పుకోను. బరువు అంటే నెత్తి మీద మోసేదేనా? రోజంతా బురదలో వంగి ఉన్న నడుం మీద పడేది ఏమిటి?

మా ఊళ్ళో ఎవరూ అసమానత అనరు, వ్యత్యాసం అనరు. ‘మగ కూలి’, ‘ఆడ కూలి’ అంటారు. పెద్దవాళ్ళయితే ‘ఫరక్’ అంటారు.

జనగామ న్యాయవాది
మానేరు తీరం గారూ, మీ వాదన చట్టం ముందు నిలవదు. 1976 నాటి సమాన వేతన చట్టం ‘అదే పని’ దగ్గర ఆగిపోలేదు, ‘అదే తరహా పని’ అని కూడా చేర్చింది. పనికి కావలసిన నైపుణ్యం, శ్రమ, బాధ్యత ఒకేలా ఉన్నాయా అని చూడాలి, పని పేరును కాదు. 1987లో ఒక మహిళా స్టెనోగ్రాఫర్ కేసులో సుప్రీంకోర్టు ఇదే పద్ధతిలో నడిచింది. సంస్థ ఆర్థిక పరిస్థితి బాగాలేదన్న సాకును కూడా ఒప్పుకోలేదు. ఆ తర్వాత 2019 వేతనాల కోడ్‌లోనూ స్త్రీ పురుషుల మధ్య వేతన వివక్ష కూడదన్న సూత్రం కొనసాగింది. వీటన్నిటి వెనక రాజ్యాంగం 39వ అధికరణ ఉంది, సమాన పనికి సమాన వేతనం స్త్రీలకూ పురుషులకూ దక్కాలని.

విద్యార్థినికి నా సలహా 38వ అధికరణ రెండో క్లాజు ఒకసారి చూడమని. 1978లో 44వ సవరణ ద్వారా వచ్చింది. ఆదాయాల్లోని అసమానతలను వీలైనంత తగ్గించడానికి రాజ్యం కృషి చేయాలంటుంది. హోదా, సౌకర్యాలు, అవకాశాల దగ్గరికి వచ్చేసరికి ‘తగ్గించడం’ అనదు, ‘తొలగించడానికి’ ప్రయత్నించాలంటుంది. ఎంత ఆలోచించి రాశారో గమనించండి. అన్ని ఆదాయాలూ ఒకటే కావాలని కోరలేదు గానీ, మనిషి హోదాలో అసమానతకు చోటే లేదన్నారు. మీ ప్రాజెక్టులో ఈ రెండూ ఉన్నాయి. కూలి డబ్బు ఆదాయం. ఒకరికి పేరు పెట్టి పిలిచి చేతిలో పెట్టడం, మిగతావాళ్ళకు మూకుమ్మడిగా ఇచ్చి పంచుకోమనడం హోదా.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ హెచ్చరించింది కూడా దీన్ని గురించే. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత పెట్టుకుని వైరుధ్యాల్లోకి అడుగుపెడుతున్నామన్నారు. అంత నిక్కచ్చి మనిషి ఆ రెండో చోట ‘తేడా’తో సరిపెట్టలేదు. ఆ మాట పరిశోధనకు తగదని ఎలా అంటాం?

మానేరు తీరం
చట్టం సంగతి సరే. అయితే పత్తి ఏరడం చూడండి. కిలోకు ఇంత అని ఇస్తారు. ఆడా మగా తేడా లేదు. అక్కడ అసమానత ఎక్కడుంది?

పరకాల పత్తిచేను
కిలో లెక్కన ఆడా మగా తేడా లేదంటున్నారు, సరే. పత్తి ఏరడానికి మగవాళ్ళు ఎంతమంది వస్తున్నారో ఒకసారి చేలోకి దిగి చూడండి అన్నా. ఆడవాళ్ళే చేసే పని కాబట్టి పోల్చడానికి పక్కన మగ కూలి ఉండదు, తేడా కనబడదు. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు.

నర్సంపేట లెక్కల సారు
ఇది ముఖ్యమైన మాట. విద్యార్థిని గారూ, దీన్ని వదిలిపెట్టవద్దు. ఒకే పనిలో ఆడ కూలిని మగ కూలితో పోల్చడం ఒక లెక్క. ఏ పనికి ఎవరు పోతున్నారు, ఏ పనికి ఎంత రేటు కట్టారు అన్నది ఇంకో లెక్క. రెండోది వేయకపోతే మొదటి దాంట్లో తేడా సున్నా వచ్చే చోట్లు మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి. ఊరి మొత్తం ఆదాయం ఎలా పంచుకుపోయిందో చూపాలంటే మీ అర్థశాస్త్రంలోనే 1905 నాటి లారెంజ్ వక్రరేఖ ఉంది, 1912లో ఇటలీ గణాంకవేత్త కొరాడో గిని చెప్పిన గుణకం ఉంది. అందరికీ సమంగా ఉంటే సున్నా, అంతా ఒక్కరి దగ్గరే ఉంటే ఒకటి. కానీ ఆ గుణకం ఆ ఒక్కరు ఆడో మగో చెప్పదు, కాబట్టి దాని మీదే ఆధారపడకండి.

ఉట్నూరు నుంచి
ఆలస్యంగా చూశాను. మాటల గురించే కదా చర్చ, ఒకటి అడుగుతాను. తెలుగులో ‘అతను వచ్చాడు’, ‘ఆమె వచ్చింది’, ‘బస్సు వచ్చింది’. ఆడమనిషికీ బస్సుకూ ఒకే క్రియ. బహువచనంలో మాత్రం ‘వాళ్ళు వచ్చారు’ అని ఆడవాళ్ళు మగవాళ్ళతో కలుస్తారు. నేను పాఠం చెప్పే పిల్లల ఇంటి భాష గోండి. అందులో బహువచనంలో కూడా ఆడవాళ్ళు మగవాళ్ళతో కలవరు, మిగతా ప్రాణులు, వస్తువుల వైపే ఉంటారు. కొలామీలోనూ అంతే. దీన్ని అసమానత అనాలా, వ్యత్యాసం అనాలా?

కరీంనగర్ తెలుగు పంతులమ్మ
మన వ్యాకరణం మగవాళ్ళకు మహత్తులని పేరు పెట్టింది, ఆ పేరు పెట్టడంలో పెద్దరికం ఉంది. దాన్ని నేను సమర్థించను. కానీ క్రియా రూపాన్ని చూసి ఆ జాతిలో ఆడవాళ్ళ స్థానం ఇదీ అని తేల్చడానికి మాత్రం ఒప్పుకోను. తమిళంలో ఆమెకు విడిగా క్రియా రూపం ఉంది. అంతమాత్రాన తంజావూరు పొలాల్లో ఆడ కూలి, మగ కూలి ఒకటైపోతాయా? వ్యాకరణంలో ఉన్నది వ్యత్యాసమే అంటాను. మడి గట్టు మీద ఉన్నది అసమానత. అక్కడ ఒకరికి తక్కువ ముడుతోంది, ఇంటికి తక్కువ బియ్యం వస్తున్నాయి.

ఉట్నూరు నుంచి
పేరు పెట్టడంలోని పెద్దరికం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. నేను చూసిన గోండు ఊళ్ళలో ఆడవాళ్ళ మాటకు విలువ తక్కువేమీ కాదు.

హనుమకొండ విద్యార్థిని
అందరికీ కృతజ్ఞతలు. లెక్కల సారూ, ఆ దిక్కు మాట మా గైడు సార్‌కు చెప్పాను. కాసేపు ఆలోచించి, ‘అలాగైతే ప్రతి ఊళ్ళోనూ అదే వైపు ఉందని ముందు చూపించు, తర్వాత పేరు మార్చుకో’ అన్నారు. నాకు అది న్యాయంగానే తోచింది. పట్టికల్లో వ్యత్యాసం అనే ఉంచుతున్నాను. శీర్షికలో అసమానత నిలవాలంటే పరకాల అక్క మాట పట్టుకుని మీరు చెప్పిన రెండో లెక్క కూడా వేయాలి. ఏ పనికి రేటు ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు అన్నది ఇంతవరకూ నేను ఎవరినీ అడగలేదు. వివక్ష అనే మాటను ఒకే మడిలో, ఒకే తరహా పనికి రెండు రేట్లు ఉన్న చోటే వాడతాను.

అక్కా, ఒక సందేహం. గుత్తకు నాట్లు వేసే గుంపుల్లో డబ్బు ఎలా పంచుకుంటారు?

పరకాల పత్తిచేను
ఎకరానికి ఇంత అని మాట్లాడుకుంటాం చెల్లీ. ఎంతమందిమి దిగితే అన్ని పాళ్ళు. వడిగా నాటే పిల్లకూ, మోకాళ్ళ నొప్పితో వెనకబడే ముసలమ్మకూ ఒకే పాలు. ఆమె ఒకప్పుడు మాకంటే ముందు నాటినదే కదా అంటారు మా వాళ్ళు. చేసిన పని సమానం కాదు, పాలు సమానం. దీనికి మీ పుస్తకాల్లో ఏ పేరు ఉందో నాకు తెలియదు.

జనగామ న్యాయవాది
దానికి దగ్గరి మాట సమన్యాయం. రాజ్యాంగం 371డి అధికరణ మన ప్రాంతాలకు అవకాశాల విషయంలో అడిగింది కూడా అదే. అందరికీ ఒకే కొలత అనలేదు, న్యాయమైన వాటా అంది. 15వ అధికరణ వివక్షను నిషేధిస్తూనే, మూడో క్లాజులో స్త్రీలకూ పిల్లలకూ ప్రత్యేక ఏర్పాట్లు చేయవచ్చంది. ఆ గుంపుల పంపకం మీద ఒక అధ్యాయం రాయగలిగితే మంచిది. ఉపాధి హామీ పనితో కూడా పోల్చి చూడండి. 2005 చట్టం కింద ఆడా మగా అందరికీ ఒకే రేటు పెట్టారు. అది వచ్చాక మీరు తిరిగే ఊళ్ళలో ఆడ కూలి ఏమైనా కదిలిందా అని అడగండి.

పరకాల పత్తిచేను
అడగడానికి రావాలంటే యాసంగి నాట్ల వేళకు రా చెల్లీ. గుత్త రేట్లు మాట్లాడుకునేది అప్పుడే, నాట్లకు ముందు రోజు సాయంత్రం. ఆ మాటలు జరిగేటప్పుడు పక్కన కూర్చుంటే రేటు ఎవరు కడుతున్నారో నీకే తెలుస్తుంది. పగలు రావద్దు, మడిలో ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు.